ఒంటితూటా రైఫిలుకు ఏ తూటా?

ఒకసారికి ఒకే తూటాను నింపి, అది పేలిన తరువాత ఖాళీ ఇత్తడి గొట్టాన్ని బయటికి తీసి, మరొక తూటాను చేతితోనే పెట్టవలసిన రైఫిలును ఒంటితూటా రైఫిలు అంటారు. తూటాలను ఒకదాని వెంట ఒకటి అందించే మ్యాగజైను దానికి ఉండదు. తుపాకి గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులు ఉండి, వాటి ఒరిపిడితో గుండు గిరగిర తిరుగుతూ వెళ్లేది రైఫిలు కాగా, లోపలి భాగం నున్నగా ఉండి రవ్వలను వెదజల్లేది మామూలు తుపాకి. బ్రిటిష్ సైన్యం 1871లో చేపట్టిన మార్టినీ-హెన్రీ, స్కాట్లండుకు చెందిన జాన్ ఫార్క్వార్సన్ 1872లో పేటెంటు పొందిన రైఫిలు, జాన్ బ్రౌనింగ్ రూపకల్పనలో వించెస్టర్ సంస్థ విడుదల చేసిన 1885 నమూనా, అమెరికాలో 1967 నుంచి వచ్చిన రూగర్ నంబర్ వన్ ఈ జాతిలో పేరుపడ్డవి. ఇషాపూర్ కర్మాగారం పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల మ్యాగజైనును కొయ్యముక్కతో మూసి, గొట్టం మార్చి, పోలీసు కాపలాదారుల కోసం తయారుచేసిన .410 మస్కెట్టు కూడా ఒంటితూటా ఆయుధమే, గొట్టం నున్ననిది కనుక అది రైఫిలు కాదు.

ఇటువంటి రైఫిలుకు కర్మాగారంలో తయారైన తూటాను ఎంచుకోవడంలో అసలు ప్రశ్న ఏ కంపెనీ మంచిది అన్నది కాదు. చల్లగా ఉన్న గొట్టం నుంచి వెలువడే తొలి గుండు ప్రతిసారీ అదే చోట పడుతుందా అన్నది. రెండో తూటా పెట్టే వ్యవధి వేటలో దాదాపు ఎప్పుడూ దొరకదు కాబట్టి, ఐదు గుండ్లు ఎంత దగ్గరగా పడ్డాయన్న గొప్ప కన్నా ఆ మొదటి గుండు నమ్మకమే ఎక్కువ విలువైనది. దుకాణదారులు, వేటగాళ్లు సాధారణంగా చెప్పుకొనేది ఐదు గుండ్ల లెక్కే అయినా, ఈ రైఫిలు విషయంలో తొలి గుండుకే పెద్దపీట వేయాలి.

శ్రీ సత్యసాయి జిల్లా బుక్కపట్నం పరిసరాలలో ఈ ప్రశ్న వేటసరదా వల్ల పుట్టదు, వేరుశనగ వల్ల పుడుతుంది. చిత్రావతి నీటితో నిండే పెద్ద చెరువు ఉన్నా, ఆయకట్టుకు ఆవల మెట్టపొలాలన్నీ వాన మీద ఆధారపడినవే. జూన్, జూలై నెలల్లో విత్తిన వేరుశనగలో కాయ ఊరే సమయానికి గుట్టల నుంచి అడవిపందులు రాత్రిపూట గుంపులుగా దిగి, మొక్కను పెళ్లగించి కాయను తిని, తిన్నదానికి మించి తొక్కి పాడుచేస్తాయి. పొలం చుట్టూ పాత చీరలు కట్టడం, డబ్బా మోగించడం, టపాకాయలు కాల్చడం కొంతకాలమే పనిచేస్తాయి, ఎందుకంటే పంది త్వరలోనే భయం మరచిపోతుంది. ఆ నిస్పృహలో కొందరు పట్టే కరెంటు తీగ, నాటుబాంబు దారి పందుల కన్నా ముందు పశువులను, మనుషులను బలితీసుకుంటున్నది. అది నేరమని వేరుగా చెప్పనవసరం లేదు.

చట్టం ఈ విషయంలో ఏమి చెబుతుందో తెలియకుండా తూటా గురించి మాట్లాడడం అర్థం లేని పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలిరూపంలో చిన్న వేటకు, పెద్ద వేటకు లైసెన్సులు ఇచ్చే ఏర్పాటు ఉండేది. 1991 సవరణ దానిని తొలగించడంతో దేశంలో సరదా వేటకు చట్టబద్ధమైన తావు లేకుండా పోయింది. మిగిలినది 11వ సెక్షను: రెండవ షెడ్యూలులోని జంతువు మనిషి ప్రాణానికి గాని, నిలిచి ఉన్న పైరుతో సహా ఆస్తికి గాని ప్రమాదకరమైందని తేలినప్పుడు, రాష్ట్ర వన్యప్రాణి ముఖ్య సంరక్షకుడు గాని ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలను పేర్కొంటూ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణ తరువాత అడవిపంది ఈ రెండవ షెడ్యూలులోనే ఉంది. 62వ సెక్షను కింద కేంద్రం ఒక జంతువును ఒక ప్రాంతంలో, ఒక కాలానికి హానికర జంతువుగా ప్రకటించవచ్చు. బిహార్‌లో నీలగాయి విషయంలో అలా ప్రకటించినందువల్లనే 2016లో మొకామా ప్రాంతానికి హైదరాబాదుకు చెందిన నవాబ్ షఫత్ అలీ ఖాన్ వంటి షూటర్లను పిలిపించారు.

ఆయుధ చట్టం మరొక మెలిక పెడుతుంది. 1959 నాటి ఆ చట్టంలోని 13వ సెక్షను పంట రక్షణకు ముందుగా చెప్పేది మూతి నుంచి మందు కూరే తుపాకిని; అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారి భావిస్తే, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం గల నున్నని తుపాకికి అనుమతి ఇవ్వవచ్చు. రైఫిలు ఆ వాక్యంలో లేదు. అందువల్ల బుక్కపట్నం, ధర్మవరం, పెనుకొండ పల్లెల్లో పంట కాపలాకు కనిపించే లైసెన్సు తుపాకి సాధారణంగా ఒంటి గొట్టం పన్నెండు బోరుదో, మూతి నుంచి మందు కూరేదో అయి ఉంటుంది. రైఫిలు ఉన్నవారు ఇతర కారణాల మీద లైసెన్సు పొందినవారు, క్రీడాకారులు, అనుమతి మీద పిలిపించిన షూటర్లు. కూరే తుపాకికి కర్మాగారపు తూటాతో సంబంధమే లేదు, పన్నెండు బోరుకు ఉన్నా దాని లెక్క వేరు. ఇక్కడ చెప్పేది రైఫిలు సంగతి.

కర్మాగారపు తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగలగానే మండే ప్రైమరు, లోపలి పొగలేని మందు, మూతిని మూసి ఉంచే గుండు. ఈ నాలుగింటిలో ఏది కొంచెం మారినా గుండు పడే చోటు మారుతుంది, అయితే అన్నీ సమానంగా మార్చవు. మందు తూకం తేడా వల్ల వేగంలో వచ్చే మార్పు గురించి అందరూ ఎక్కువగా ఆందోళన పడతారు గాని, సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో బయలుదేరే గుండు విషయంలో ఒక శాతం వేగం తగ్గితే 100 మీటర్ల దూరంలో అది దిగజారేది రెండు మిల్లీమీటర్ల లోపే, 200 మీటర్ల దూరంలో సుమారు ఏడు మిల్లీమీటర్లే; వేరుశనగ చేలో కాల్చే దూరాలకు ఈ తేడా పట్టించుకోదగ్గది కాదు. గుండు ఎంత సమతూకంగా ఉంది, గొట్టపు గాడులకు అది ఎలా కుదురుకుంటుంది, పేలుడు వల్ల గొట్టం వణికే తీరులో ఏ క్షణాన అది మూతి దాటుతుంది అన్నవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

ఒకే కర్మాగారంలో, ఒకే నమూనాలో తయారైన రెండు రైఫిళ్లు ఒకే పెట్టెలోని తూటాలను వేర్వేరుగా స్వీకరించడానికి కారణం అదే. తూటా కూర్చునే గదికి, గాడులు మొదలయ్యే చోటుకు మధ్య గుండు తాకకుండా దూకవలసిన దూరం రెండింటిలో కొద్దిగా తేడాగా ఉంటుంది. గొట్టాల లోపలి వ్యాసంలోనూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది ఇంకొక ముఖ్య విషయం. గుండు పొడవు పెరిగేకొద్దీ దానిని తూలకుండా నిలపడానికి వేగంగా తిరిగే గాడులు కావాలి. వూల్‌విచ్ ఆచార్యుడు జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ప్రకారం గుండు వ్యాసపు వర్గాన్ని 150తో హెచ్చవేసి గుండు పొడవుతో భాగిస్తే సరిపోయే చుట్టు అంగుళాలలో వస్తుంది: 0.308 అంగుళాల వ్యాసం, 1.2 అంగుళాల పొడవు గల గుండుకు అది సుమారు 11.9 అంగుళాలు. కాబట్టి పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టం ఆ గుండును సునాయాసంగా మోస్తుంది, పద్నాలుగు అంగుళాలకు తిరిగేది మోయలేకపోవచ్చు. పెట్టె మీద రాసిన గుండు బరువును రైఫిలు కొలతతో సరిచూసుకోకుండా కొనేవారికి, ఎంత ఖరీదైన తూటా అయినా అడ్డంగా తిరిగి కాగితానికి తాళంచెవి ఆకారపు రంధ్రం చేసిపెట్టడం వింత కాదు.

ఒంటితూటా రైఫిలుకు సొంత గుణాలు కొన్ని ఉన్నాయి. మ్యాగజైనుకు సరిపడాలన్న నిబంధన లేదు కనుక ఎంత పొడవైన తూటానైనా వాడుకోవచ్చన్న సౌలభ్యాన్ని గొప్పగా చెబుతారు గాని, కర్మాగారాలు అన్ని రైఫిళ్లకూ పనికివచ్చే గరిష్ఠ పొడవుకు లోబడి తయారుచేస్తాయి కాబట్టి కొనుక్కునే తూటాతో ఆ సౌలభ్యం చేతికి రాదు. దానికి మించి చూడవలసినది కొయ్య. వీటిలో చాలావాటికి వెనుక కొయ్య, ముందు కొయ్య వేరు వేరు ముక్కలు. ముందు కొయ్య గొట్టాన్ని ఎంత గట్టిగా ఒత్తుతున్నదో, ఆ ఒత్తిడి తేమకు, ఎండకు ఎలా మారుతున్నదో దాన్ని బట్టి గుండు పడే చోటు జరుగుతుంది. ఈ లోపాన్ని తూటాకు అంటగట్టి పెట్టె మీద పెట్టె మార్చేవారు ఎందరో. మొదట మరలు బిగించి, కొయ్యను చూపించుకోవడం చవకైన పని. మధ్యలో మడిచి తెరిచే రకాలలో ఖాళీ ఇత్తడి గొట్టాన్ని పట్టి లాగే బలం తక్కువ కాబట్టి, అధిక ఒత్తిడి గల తూటాల ఇత్తడి గదిలోనే అతుక్కుపోవచ్చు. అంచు ఉన్న తూటాలు, మధ్యస్థ ఒత్తిడి గల మందు ఈ రకానికి నప్పుతాయి.

భారతదేశంలో రైఫిలు తూటా ఎంపిక చాలావరకు .315 బోరు దగ్గరే ఆగుతుంది. సైన్యం వాడిన .303 వంటి తూటాలు పౌరులకు నిషిద్ధ బోరు కావడంతో, ఒకప్పుడు ఆస్ట్రియా-హంగరీ సైన్యానికి చెందిన 8 మి.మీ. మాన్లిఖర్ తూటా కొలతను పౌర రైఫిలుకు తీసుకున్నారు. 1904లో స్థాపించిన ఇషాపూర్ రైఫిలు కర్మాగారం తుపాకిని, 1869లో పుణె దగ్గర ఖడ్కీలో మొదలైన ఆయుధ కర్మాగారం తూటాను తయారుచేస్తూ వచ్చాయి. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్సు ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసినప్పుడు ఈ రెండూ వేర్వేరు ప్రభుత్వ కంపెనీల కిందికి వెళ్లాయి. తూటా అడుగున కనిపించే కేఎఫ్ ముద్ర ఖడ్కీకి పాత పేరైన కిర్కీని సూచిస్తుంది. దీని గుండు బరువు 244 గ్రెయిన్లు, అంటే సుమారు 15.8 గ్రాములు. ఇషాపూర్ .315 మ్యాగజైను ఉన్న రైఫిలే అయినా, దాన్ని ఉపయోగించేవారి పరిస్థితి ఒంటితూటా రైఫిలు యజమాని పరిస్థితి కంటే భిన్నం కాదు. అంగడిలో పది కంపెనీల పెట్టెలను పరచి ఎంచుకొనే అవకాశం లేనప్పుడు, ఎంపిక మొత్తం లాటులోనే ఉంటుంది.

లాటు అంటే ఒకే మందు రాశి, ఒకే రకం ప్రైమర్లు, ఒకే యంత్రపు అమరికతో తయారైన తూటాల వరుస. దానికి ఇచ్చే నంబరు పెట్టె మీద ముద్రిస్తారు. కొత్త రాశి మందు కాస్త వేగంగా మండితే కర్మాగారం దాని తూకాన్ని సర్ది అనుకున్న వేగాన్ని, ఒత్తిడిని సాధిస్తుంది గాని, ఆ సర్దుబాటు వల్ల ఒక ప్రత్యేక రైఫిలులో గుండు పడే చోటు అలాగే ఉంటుందన్న హామీ లేదు. లాటు ఎంత ముఖ్యమో అందరికన్నా బాగా తెలిసినవారు .22 రైఫిలు క్రీడాకారులు, ఎందుకంటే ఒలింపిక్ నియమాల ప్రకారం 50 మీటర్ల పోటీలో వాడేది ఒంటితూటా రైఫిలే, అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ ఈ 50 మీటర్ల పోటీలోనూ పాల్గొన్నవాడే. ఈ స్థాయి క్రీడాకారుల కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో ఎలీ, జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా కంపెనీలు పరీక్షా కేంద్రాలు నడుపుతాయి. క్రీడాకారుడి రైఫిలునే బిగించి, ఒక్కొక్క లాటును కాల్చి చూసి, నచ్చిన లాటును వేల సంఖ్యలో కొనుక్కొనే వీలు కల్పిస్తాయి. ఒకే పేరు, ఒకే ధర గల లాటులలో ఒకటి పది వలయంలో చక్కగా ఇమిడిపోగా మరొకటి బయటికి తొణికే సందర్భాలు అక్కడ మామూలు. లక్షల రూపాయల రైఫిలుకే ఇంత పరీక్ష కావలసి వస్తే, ఊరి రైఫిలుకు పెట్టె మీది పేరు చూసి తూటా కొనడం ఎంతవరకు సమంజసమో ఊహించుకోవచ్చు.

పరీక్ష చేయవలసింది లైసెన్సు ఉన్న ఫైరింగు రేంజిలోనే, పొలంలో కాదు. స్థిరమైన బల్ల మీద ఇసుక సంచులకు ఆనించి, 100 మీటర్ల దూరంలో కాగితం పెట్టి, ప్రతి గుండుకూ గొట్టం చల్లారేంత విరామం ఇస్తూ కాల్చాలి. మొదటి పొరపాటు మూడు గుండ్లతో తృప్తి పడడం. గణితం ప్రకారం అదే రైఫిలు, అదే తూటాతో ఐదు గుండ్ల గుంపు మూడు గుండ్ల గుంపు కన్నా సగటున పావువంతుకు పైగా పెద్దదిగా, పది గుండ్ల గుంపు సగానికి పైగా పెద్దదిగా వస్తుంది. కాబట్టి మూడు గుండ్లు ఒకే రూపాయి బిళ్ల కింద దాగినంత మాత్రాన తూటా గొప్పదని తేలదు, అది అదృష్టం కావచ్చు. గాలి రెండో పొరపాటుకు తావిస్తుంది. రామగిరి, పెనుకొండ కొండల మీద గాలిమరలు నిలిచింది ఉత్త పుణ్యానికి కాదు. నైరుతి రుతుపవనాల కాలంలో ఈ సీమలో మధ్యాహ్నపు గాలిలో కాల్చి తూటాను తిట్టడం కన్నా, తెల్లవారుజామున గాలి పడిన వేళ కాల్చి చూడడం న్యాయం.

ఈ గుంపుల పరీక్ష తరువాతనే అసలు పరీక్ష మొదలవుతుంది. ఎంచుకున్న తూటాతో వేర్వేరు రోజులలో, ప్రతి రోజూ గొట్టం చల్లగా ఉన్నప్పుడు ఒక్క గుండు మాత్రమే, అదే కాగితం మీద కాల్చి, తేదీ వేసి ఉంచాలి. పరిశుభ్రం చేసి నూనె పట్టించిన గొట్టం నుంచి వచ్చే తొలి గుండు తరచుగా మిగతా గుంపుకు దూరంగా పడుతుంది. ఆ దూరం ప్రతిసారీ ఒకటేగా ఉంటే గురిని సర్దుకోవచ్చు, ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోతే ఆ తూటా, గుంపు ఎంత చిన్నదైనా, ఒంటితూటా రైఫిలుకు పనికిరాదు. ఐదు గుండ్ల గుంపులో రెండో స్థానంలో నిలిచిన తూటా ఈ తొలి గుండు పరీక్షలో మొదటి స్థానానికి రావడం సాధ్యమే, అప్పుడు దానినే ఎంచుకోవాలి.

కాగితం మీద గెలిచినంత మాత్రాన తూటా జంతువు మీద పనికివస్తుందని అనుకోరాదు. పోటీ గుండ్లు కాగితానికి రంధ్రం చేయడానికే రూపొందినవి. మొత్తం రాగి తొడుగుతో వచ్చే గట్టి గుండు జంతువును చీల్చుకుంటూ వెళ్లిపోయి, వెంటనే పడవేయకుండా గాయపరచి వదిలేస్తుంది. మెత్తని సీసపు మొన ఉన్న గుండు తగలగానే విచ్చుకొని తన బలాన్ని లోపలే ఖర్చు చేస్తుంది. ఎదిగిన మగ అడవిపంది భుజం మీద మందమైన గట్టి పొర ఉంటుంది కనుక, విచ్చుకొనే గుణంతో పాటు చొచ్చుకుపోయే బరువూ ఉన్న గుండు కావాలి. గాయపడిన పంది తిరిగి మీదికి వస్తుందన్న భయం ఒక సంగతి. రాత్రంతా బాధపడి ఏ వాగులోనో చచ్చే జంతువు మరొక సంగతి. అనుమతి ఇచ్చే అధికారి కూడా ఈ రెండో సంగతిని ఆలోచించవలసి ఉంటుంది.

ఇక నిల్వ. వేసవిలో నలభై డిగ్రీలు దాటే సీమలో, ఎండలో నిలిపిన జీపు ముందు భాగంలో పెట్టిన తూటాలోని మందు వేడెక్కి, మండే వేగం పెరిగి, ఒత్తిడి పెరుగుతుంది. ఉదయం చల్లని వేళ పరీక్షించిన తూటా మధ్యాహ్నం అదే చోట పడకపోవడానికి ఇదొక కారణం. తూటాలను పొడిగా, నీడలో, గాలి చొరని డబ్బాలో ఉంచాలి, వాటికి నూనె పూయకూడదు. మరొక చిక్కు కూడా ఉంది: ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను పోలీసు ఠాణాలో జమ చేయమని ఆదేశాలు వస్తాయి, అలా వారాల తరబడి ఇతర తుపాకుల పక్కన ఒరిగి ఉండి తిరిగివచ్చిన రైఫిలు పాత గురిని నిలుపుకొని ఉంటుందని అనుకోరాదు. ఇంటికి తెచ్చుకున్నాక మరలు సరిచూసి, రేంజిలో ఒక్క గుండైనా కాల్చి చూడాలి.

పరీక్షలో నెగ్గిన లాటు దొరికినప్పుడు లైసెన్సు అనుమతించినంత మేరకు అదే లాటును కొనుక్కొని, పెట్టె మూత మీది నంబరును తొలి గుండ్ల కాగితాలతో పాటు దాచుకోవడం మంచిది. వేరే నంబరు పెట్టె చేతికి వచ్చిన రోజున, పేరు అదే అయినా, దానిని కొత్త తూటాగానే భావించి రైఫిలు గురిని మళ్లీ సరిచూసుకోవాలి.